కోటు మీది సుద్ద గుర్తు

పిల్లల కోసం చరిత్ర కథలు రాయాలని వచ్చే కుర్రవాళ్ళు నన్ను మొదట అడిగేది ఒకటే: వివరాలు ఎక్కడ దొరుకుతాయండీ అని. ఏ కాలంలో ఏం తిన్నారు, ఏం తొడుక్కున్నారు, ఓడలో ఎన్ని అరలు ఉండేవి. వివరాలు దొరకడం పెద్ద కష్టం కాదు. అడిగితే చెప్పేవాళ్ళు ఉంటారు, ఓపికగా రాసుకోవాలి, అంతే. నా దగ్గర అవి ఎప్పుడూ అవసరానికి మించే ఉండేవి. అలాంటి వివరం ఒకటి, నేను పట్టిక గీసి మరీ అచ్చు వేయించినది, పుంగనూరులో ఒక తొమ్మిదేళ్ళ పిల్ల వీపు మీద సుద్దతో రాసి కనిపించింది. నలభై ఏళ్ళ పనిలో నేర్చుకున్నదాంట్లో సగం నాకు ఆ పిల్ల నేర్పిందే. కాబట్టి సన్మానాల సంగతీ పుస్తకాల సంఖ్యా పక్కన పెట్టి అదే రాస్తున్నాను.

ఐర్లాండు ఎందుకు

నేను రచన నేర్చుకున్నవాణ్ణి కాను. మద్రాసులో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివాను. గీత ఎంత మందం ఉండాలి, కొలత ఎక్కడ వేయాలి, ఏ భాగానికి ఏ సంఖ్య ఇవ్వాలి, ఇదీ ఆ చదువు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. మదనపల్లెలో అచ్చాఫీసు నడిపే సుబ్బరాయప్పకు బడి పుస్తకాల్లో పటాలు గీసే మనిషి కావలసి వచ్చి నన్ను పెట్టుకున్నాడు. పదిహేను రోజులకు ఒకసారి ఎనిమిది పేజీల పిల్లల కథ కూడా ఆయన వేసేవాడు. కాగితం కరువు వల్ల బడికి రెండు మూడు ప్రతులే అందేవి. శనివారం చివరి పీరియడులో అయ్యవారు గట్టిగా చదివితే పిల్లలంతా వినేవాళ్ళు. కట్టలు బస్సుల్లో పుంగనూరు, వాయల్పాడు, కలికిరి, కుప్పం వెళ్ళేవి. ఆ కథలు రాసే ఆయన వేరే ఊరికి వెళ్ళిపోతే ఆ పని నా మీద పడింది.

నేను రాయబోయేది ఏమిటో చెబితే సుబ్బరాయప్ప కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు.

“ఐర్లాండా? అది యాడుండాదప్పా?”

“ఇంగ్లండు పక్కన సార్.”

“మన పిల్లోళ్ళకు ఆ పిల్లోళ్ళు యాల?”

“ఆడ బతికేదానికి దోవ లేక పిల్లోళ్ళు గూడా ఓడెక్కి అమెరికాకు పోయినారు సార్. మా రామకుప్పం పక్కోళ్ళు కోలారు గనులకు పోతాండారే, అట్ల.”

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. “కోలారుకు రైలు, అమెరికాకు ఓడ. ఓడంటే పిల్లోళ్ళకు ఇష్టమే. ఎయ్యి. ఏడిపించొద్దు, అంతే.”

ఆ కథ నాకు చెప్పినది నోరమ్మ. ఊరి బయట క్షయ ఆసుపత్రిలో పెద్ద నర్సు. ఐర్లాండు మనిషి. వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. తెలుగు రోగుల దగ్గరే నేర్చుకుంది కాబట్టి ఆమె మాట నా మాటకన్నా చిక్కగా ఉండేది. ఆసుపత్రి చీటీల ప్రూఫులు తీసుకుని నేను వెళ్ళేవాణ్ణి. ఒకనాడు తన అక్క కేటీ, అన్న మైకేలు చిన్నప్పుడు అమెరికాకు ఓడెక్కిన సంగతి చెప్పింది. కేటీకి పదమూడు, మైకేలుకు ఎనిమిది. పెద్దవాళ్ళు ఎవరూ వెంట లేరు. నోరమ్మ అప్పటికి ఉయ్యాలలో ఉంది.

మర్నాడే నోటు పుస్తకం పట్టుకుని వెళ్ళాను. ఆ పుస్తకం ఇంకా నా దగ్గర ఉంది. ఓడ పొడవు. పడక వెడల్పు. మనిషికి రోజుకు ఎన్ని నీళ్ళు. అడుగు అరలో కిటికీలు ఎన్ని. మరుగుదొడ్డి ఎక్కడ. అరవైకి పైగా ప్రశ్నలు, అంకెలు వేసి ఉన్నాయి. అక్క రాసిన జాబులన్నీ చదివి చదివి కంఠతా వచ్చిన మనిషి కావడంతో ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది. ముప్పయ్యో ప్రశ్న దగ్గర అనుకుంటాను, ఆగి నవ్వింది.

“నువ్వు మా అన్నని గురించి అడగతాండావా నాయనా, ఓడని గురించి అడగతాండావా?”

ఆ మాటకు నేనూ నవ్వి ముప్పయ్యొకటో ప్రశ్న అడిగాను.

పట్టిక

మొదటి నాలుగు భాగాలు బాగా నడిచాయి. మూడో భాగంలో ఓడను నిలువునా కోస్తే లోపల ఎలా ఉంటుందో కొలతకు గీశాను. పుంగనూరు బడిలో పిల్లలు ఆ పడక వెడల్పును నేల మీద సుద్దతో గీసి ఇద్దరిద్దరు పడుకుని చూశారని అక్కడి అయ్యవారు మునస్వామి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం నేను జేబులో పెట్టుకుని తిరిగాను.

అయిదో భాగంలో పిల్లలిద్దరూ న్యూయార్కు ఎదుట ఉన్న చిన్న దీవిలో దిగుతారు. అక్కడ పెద్ద భవనం. మెట్లెక్కి పైకి వచ్చేవాళ్ళను డాక్టర్లు నిలబడి చూస్తుంటారు. ఆయాసపడుతున్నాడా, కుంటుతున్నాడా, దగ్గుతున్నాడా. అనుమానం వస్తే కోటు మీద సుద్దతో ఒక అక్షరం వేసి పక్కకు తీస్తారు. ఇది జరిగిన సంగతే. కేటీ జాబులో ఉంది.

వాళ్ళు వేసేవి ఇంగ్లీషు అక్షరాలు. మన మూడో తరగతి పిల్లలకు అవి ఏం తెలుస్తాయి? అందుకని నేను వాటిని తెలుగులో పెట్టాను. కళ్ళ జబ్బుకు ‘క’. గుండెకు ‘గు’. కుంటితనానికి ‘కుం’. ఊపిరితిత్తులకు ‘ఊ’. పేజీ అడుగున చక్కగా గీతలు కొట్టి మూడు గళ్ళ పట్టిక వేశాను: గుర్తు ఏమిటి, దేన్ని చూసి వేస్తారు, వేశాక ఏం చేస్తారు. ‘ఊ’ ఎదురుగా మూడో గడిలో ఇలా ఉంది: “వెంట వచ్చిన వారి నుండి వేరు చేస్తారు. తిరుగు ఓడలో వెనక్కి పంపుతారు.” భాగం చివర మైకేలు దగ్గుతాడు. అతని కోటు మీద ‘ఊ’ పడుతుంది.

“ఇది కథా, రైలు టైంటేబులా?” అన్నాడు సుబ్బరాయప్ప. అన్నాడే గాని గళ్ళు ఎంత పొందికగా వచ్చాయో వేలితో తడిమి చూశాడు.

ఇంగ్లీషు అక్షరాన్ని అలాగే వదిలేసి ఉంటే ఏ పిల్లా దాన్ని పట్టించుకునేది కాదు. నేను దాన్ని వాళ్ళ చేతికి అందేటట్టు చేశాను. చేసేముందు అది ఎవరి మీద పడుతుందా అని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

పుంగనూరు బడిలో

ఆరో భాగం కట్ట పుంగనూరుకు నేనే పట్టుకుని వెళ్ళాను. మునస్వామి అయ్యవారు వాకిట్లోనే ఎదురొచ్చాడు.

“రాండప్పా, రాండి! మీ దీవి మా బళ్ళోకొచ్చేసింది. సూద్దురు రాండి.”

వెనక ఆవరణలో ఆట జరుగుతోంది. వరండా మెట్లే ఆ భవనం మెట్లు. పైన ఇద్దరు పిల్లలు డాక్టర్లు, చేతుల్లో నల్లబల్ల సుద్దముక్కలు. మిగతావాళ్ళు వరుసగా మెట్లెక్కుతున్నారు. పక్కన విడిగా ఒక పిల్ల నిలబడి ఉంది. వీపు మీద పెద్ద ‘ఊ’.

“ఈ పిల్ల ఎప్పుడూ ఊనే సార్,” అన్నాడు డాక్టరు వేషం కట్టినవాడు ఉత్సాహంగా. “వాళ్ళ నాయన గూడా ఊనే. పోయినాడు.”

“రేయ్, నోరు ముయ్యి,” అన్నాడు అయ్యవారు. కాని నవ్వుతూనే అన్నాడు.

ఆ పిల్ల నవ్వలేదు, ఏడవలేదు. నన్నే చూస్తోంది. జాకెట్టు పాతదే, కాని కుట్టు చాలా శుభ్రంగా ఉంది. అది గమనించాను. పేరు అడగలేదు. తర్వాత నేను చేసింది ఒకటే. తప్పు దిద్దాను.

“గుర్తు వీపు మీద కాదప్పా,” అన్నాను. “మెట్లెక్కేటోళ్ళు డాక్టరుకు ఎదురుగా వస్తారు గదా. ముందు పక్క, రొమ్ము మీద ఎయ్యాల.”

వెంటనే ఇద్దరు పిల్లలు ఆమె వీపు దులిపి, ముందుకు తిప్పి, రొమ్ము మీద ‘ఊ’ రాశారు.

“సూసినార్రా? రాసినాయనే వచ్చి సెప్పినాడు!” అన్నాడు మునస్వామి.

బస్సులో తిరిగి వస్తూ ఎంత సంతోషపడ్డానో నాకు బాగా గుర్తుంది. దాన్నీ దాచను.

పడక వెడల్పు

ఆరో భాగం నాకు అన్నిటికన్నా నచ్చినది. కేటీ తమ్ముడి కోటు విప్పి, లోపలి పక్క బయటికి తిప్పి తొడుగుతుంది. సుద్ద గుర్తు లోపలికి పోతుంది. ఇద్దరూ గుంపులో కలిసి గేటు దాటుతారు. ఇదీ జరిగిన సంగతే.

అది బడులకు వెళ్ళిన పది రోజులకు, ఒక మంగళవారం, ప్రూఫులతో ఆసుపత్రికి వెళ్ళాను. నోరమ్మ కుర్చీ చూపించలేదు. బల్ల మీద నా ఆరో భాగం ఉంది.

“పుంగనూరు దర్జీ ఇస్మాయిల్ సాబు పోయినేడు మా వార్డులోనే పోయినాడు,” అంది. “ఆయన బిడ్డ దగ్గతాండాదని తెలిసి సూసేదానికి మా మనిషిని పంపిస్తి. ఆ పిల్ల నోట్లో లవంగం పెట్టుకోని, జాకెట్టు తిప్పి తొడుక్కోని నిలబడి, నాకు దగ్గే లేదనిందంట. సోమవారం తీసకరమ్మంటే తల్లి సరేననింది. సోమవారం రాలా. మళ్ళా పోతే ఇంటికి తాళం. జాకెట్టు యాల తిప్పినాదో మా మనిషికి అర్థం కాలా. పక్కింటి పిల్లోడు సెప్పినాడు. కేటీ అట్లే సేసిందంట గదా?”

నేను ఆట సంగతి చెప్పాను. రొమ్ము మీద వేయమన్న మాట కూడా చెప్పాను. ఆమె బల్ల మీది ఆరో భాగం తీసి చివరి పేజీ తిప్పింది.

“మైకేలు గేటు దాటినాక ఏమయిందో నువ్వు అడగనేలేదు,” అంది. “ఒక రూములో ఆరుమంది. కేటీ కుట్టుపని సేసేది. మైకేలు రెండు సలికాలాలు దగ్గినాడు. వాడు బతికినాడు, ఇప్పుడు ట్రాము నడపతాడు. ఆ దగ్గు కేటీకి వచ్చింది. పద్దెనిమిదేండ్లకు పోయింది. నేను నర్సు యాలయినానో నీకిప్పుడు తెలిసిందా?”

“ముందే యాల సెప్పలేదమ్మా?”

“నువ్వు పడక వెడల్పు అడిగినావు. సెప్పినాను.”

తర్వాత ఆమె పని మాటలోకి వచ్చింది. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. విశ్రాంతి, గాలి, తిండి, అంతే. తొందరగా పట్టుకుంటే పిల్లలు నిలదొక్కుకునేవాళ్ళు. “ఇప్పుడైతే నేను నిలబెడతా. ఆరు నెల్లు పోతే నేనేం సెప్పలేను,” అంది. “యాడుండాదో కనుక్కో. దాంకునేది నువ్వే నేర్పినావు. బయటికొచ్చేది గూడా నువ్వే నేర్పల్ల.”

దించిన ఫారం

ఏడో భాగం అప్పటికే కూర్చి, ఆ అక్షరాలు బిగించిన చట్రాన్ని, ఫారం అంటాం, మిషను మీదికి ఎక్కించి ఉంది. న్యూయార్కు దీపాలు, మైకేలు మొట్టమొదటి నారింజపండు తినడం, అన్నీ సంతోషమే. మా అచ్చాఫీసులో రెండు భాగాలకు సరిపోను అక్షరాలు లేవు. కొత్తది కూర్చాలంటే పాతది విప్పాలి.

“ఎక్కించిన ఫారం దించమంటావా?” అన్నాడు సుబ్బరాయప్ప. “పిల్లోళ్ళను ఏడిపించొద్దని మొదుట్లోనే సెప్తిని గదప్పా.”

“ఏడిపించేసినాను సార్. ఒక బిడ్డ యాడికో పోయి దాంకోనుండాది.”

మొత్తం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచాడు. తుడవడం అయ్యాక కూడా తుడుస్తూనే ఉన్నాడు. నేను చాలామంది యజమానుల కింద పనిచేశాను. మంచి యజమాని ఎవరని అడిగితే, తప్పు చేశానని చెప్పినప్పుడు గడువు ఎంతో ఒక్క మాటలో చెప్పి పొమ్మనేవాడు అంటాను.

“శుక్రవారం మధ్యాన్నం దాకా,” అన్నాడు. “పో.”

కుప్పంలో

పుంగనూరులో పక్కింటివాళ్ళు చెప్పారు, తల్లి ఖైరూన్‌బీ తమ్ముడికి కుప్పం స్టేషను దగ్గర టీ అంగడి ఉందని. బుధవారం బయలుదేరాను. పెట్రోలు లేని రోజులు. వెనక బొగ్గు కుంపటి తగిలించుకుని నడిచే బస్సు. పలమనేరు దాటాక ఎత్తు వచ్చిన చోటల్లా అందరం దిగి నడిచాం. ఆ పిల్లతో ఏం చెప్పాలో నోటు పుస్తకంలో వరుసగా రాసుకున్నాను. కుప్పం వచ్చేసరికి ఒక్కొక్కటే కొట్టేశాను. పేజీలో ఏమీ మిగల్లేదు.

అంగట్లో ఉన్నతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. “ఆసుపత్రోడివా?”

“కాదు. కథలు రాసేటోణ్ణి.”

అతను పకపక నవ్వాడు. “అక్కా, కథలోడొచ్చినాడు! నీకేమన్నా కథ గావాల్నా?”

అంగడి వెనక గదిలో ఖైరూన్‌బీ నేల మీద గుడ్డ పరిచి నీలం సుద్దతో గీతలు పెడుతోంది. భర్త పని ఆమె చేస్తోంది. లోపలి తలుపు వెనక ఎవరో దగ్గు ఆపుకున్న చప్పుడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

“ఏమప్పా,” అంది ఆమె తలెత్తకుండా. “మా బిడ్డ ఈపున రాసింది సాల్లేదా? ఈడిదాకా వచ్చినావు?”

“ఆ పట్టిక నాదేనమ్మా. రొమ్ము మీద రాయమని సెప్పింది గూడా నేనే.”

ఆమె చెయ్యి ఆగింది. తలుపు తెరుచుకుంది.

“ఆయనే అమ్మా,” అంది ఆ పిల్ల. ఈసారి పేరు అడిగాను. జైనబ్.

జైనబ్ నా ఎదురుగా కూర్చుంది. క్షమించమని ఎలా మొదలుపెట్టాలా అని నేను చూస్తుంటే ముందు తనే అడిగింది.

“అయ్యోరూ, కోటు తిప్పితే కుట్లు బయటికి కనపడతాయి గదా. డాక్టరుకు తెలీదా?”

ఓడ పొడవు తెలిసినవాణ్ణి. అడుగు అర కిటికీలు లెక్కపెట్టినవాణ్ణి. తిప్పి తొడిగిన కోటుకు కుట్లు కనిపిస్తాయని నాకు తట్టలేదు.

“దర్జీ బిడ్డప్పా అది,” అంది తల్లి. గొంతులో కొంచెం గర్వం.

“నాకు తెలీదు,” అన్నాను. “కేటీ చెల్లెలు మదనపల్లెలోనే ఉండాది. అడిగి సెప్తాను.”

“నిజంగా ఉండాదా? కేటీ నిజమా?”

“నిజం.”

జైనబ్ ముందుకు జరిగింది. “ఊ ఉంటే వేరు సేస్తారని రాసినావు. వెనక్కి పంపిస్తారని రాసినావు. మా నాయన ఆసుపత్రికి పోయి మళ్ళా రాలేదు. నాకు ఊ ఉంటే అమ్మను ఆడికి రానిస్తారా?”

రానిస్తారు అనబోయాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల చూపు చూసి మింగేశాను.

“జరిగేది జరిగినట్టు సెప్తాను, విను. మొదుట బరువు సూస్తారు. ఆమీట ఈపు మీద గొట్టం పెట్టి వింటారు, సల్లగా ఉంటాది. ఆమీట లోపలికి ఫోటో తీస్తారు, నొప్పుండదు. ఏం లేకుంటే సాయంత్రం బస్సుకు ఇంటికే. ఉంటే నిన్ను వరండాలో పడకేసి పెట్టుకుంటారు. పాలిస్తారు, గుడ్డిస్తారు. పరిగెత్తనియ్యరు. అమ్మను రోజూ రానియ్యరు. ఆదివారం రానిస్తారు.”

“ఎన్ని నెల్లు?”

“సెప్పలేను. ఎక్కువే.”

“ఇది కథా, నిజమా?”

“నిజం. కథయితే అమ్మ రోజూ వచ్చేటట్టు రాసుంటాను.”

ఆ పిల్ల లేచి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వెనక మళ్ళీ దగ్గు, ఈసారి ఆపుకోకుండా.

“పో అప్పా,” అంది ఖైరూన్‌బీ. “ఆయప్పను ఆసుపత్రికి నడిపించుకోని పోయింది నేనే. బిడ్డను గూడా ఎట్ల నడిపించేది? ఆలోసన సేస్తాం.” లేస్తూ ఏదో ఒకటి మాట్లాడాలని, గుడ్డ మీద ఇన్ని గీతలు ఎందుకమ్మా అని అడిగాను. “యాడ బిగుతుగా ఉండాది, యాడ వదులుగా ఉండాది, ఆడ గుర్తు పెడతాం,” అంది. “గుర్తు పెట్టకుంటే యాడ సరిజేసేది?”

వస్తారో రారో తెలియకుండానే బస్సెక్కాను.

కుట్లు

గురువారం మధ్యాహ్నం జైనబ్ ప్రశ్న నోరమ్మకు చెప్పాను. ఆమె చేతిలో మడతపెడుతున్న దుప్పటి అలాగే ఉండిపోయింది.

“సూసినాడు,” అంది. “కేటీ జాబులో రాసింది. ఆ డాక్టరు కుట్లు సూసినాడు, మైకేలు మొగం సూసినాడు, తలకాయి అట్ల పక్కకు తిప్పుకున్న్యాడు. కేటీ సచ్చేదాకా ఆయన్ని దీవించింది.” దుప్పటి మడత పూర్తిచేసి కింద పెట్టింది. “నేను దీవించను.”

ఏడో భాగం ఆ రెండు మాటల మధ్య ఉంది. నేను చేయవలసిందల్లా దాన్ని రాయడమే. డాక్టరు చూసి తల తిప్పుకోవడం, పిల్లల సంతోషం, ఆ ఒక్క గది, రెండు చలికాలాల దగ్గు, కేటీ పడక. మైకేలు బతకడం కూడా రాశాను. “అబద్దం రాయొద్దు. అందరూ సచ్చిపోతారని గూడా రాయొద్దు,” అని నోరమ్మ చెప్పింది. చివరి పేజీలో, పట్టిక వేసిన చోట, గళ్ళు లేకుండా మామూలు వాక్యాల్లో, మన ఆసుపత్రికి వెళితే మొదట ఏం చేస్తారో ఆ తర్వాత ఏం చేస్తారో రాశాను. గొట్టం చల్లగా ఉంటుందని కూడా.

శుక్రవారం సుబ్బరాయప్ప నిలబడే ప్రూఫు చదివాడు. “పిల్లోళ్ళు ఏడుస్తారప్పా,” అన్నాడు. ఆయన కళ్ళే తడిగా ఉన్నాయి. తర్వాత మిషను దగ్గరికి వెళ్ళి నారింజపండు ఫారాన్ని దించమన్నాడు.

ఒక ప్రతి మీద “జైనబ్‌కు. కుట్లు చూశాడు.” అని రాసి కుప్పం బస్సు డ్రైవరు చేతికిచ్చాను.

రెండో సోమవారం

కొత్తవాళ్ళను చూసేది సోమవారాల్లో. ఆ సోమవారం పొద్దున్నుంచి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాను. ఒక్కొక్క బండి వస్తే ఎవరు దిగుతారో చూడడం, వాళ్ళు కాకపోతే మళ్ళీ దారి వైపు చూడడం. సాయంత్రం గేటు మూశారు. రాలేదు.

ఆ వారం నేను ఏ పనీ సరిగా చేయలేదు. పటంలో ఒక జిల్లాకు రెండుసార్లు పేరు వేశాను. ఎవరు దగ్గినా తిరిగి చూసేవాణ్ణి. కథలో నేను రాసిన ఒక్కొక్క వాక్యం గుర్తుచేసుకుని, దీనికి భయపడిందా, దానికి భయపడిందా అని లెక్కపెట్టుకునేవాణ్ణి.

రెండో సోమవారం పది గంటలకు ఒక జట్కా ఆగింది. ముందు ఖైరూన్‌బీ దిగింది. తర్వాత జైనబ్. జాకెట్టు సరిగ్గానే తొడుక్కుంది. ముందు పక్క, రొమ్ము మీద, నీలం దర్జీ సుద్దతో చిన్నగా, పొందికగా ‘ఊ’ రాసి ఉంది.

గేటు వదిలి ఎదురు వెళ్ళాను. “ఎవరు రాసినారు తల్లీ?”

“నేనే.”

“యాల?”

“గుర్తు పెట్టకుంటే యాడ సరిజెయ్యాల్నో వాళ్ళకెట్ల తెలుస్తాది?” అంది, ఇంత చిన్న సంగతి నాకు తెలియకపోవడం వింతగా ఉన్నట్టు.

డాక్టరు తెలుగువాడు కాదు. ఆ అక్షరం చూసి ఇదేమిటని నోరమ్మను అడిగాడు. ఆమె జవాబు చెప్పేలోపల జైనబ్ బల్ల ఎక్కి కూర్చుంది.

“కుట్లు బాగా సూడండి సార్,” అంది. “తలకాయి తిప్పుకోవద్దు.”

నోరమ్మ ఆ మాటను ఆయనకు ఇంగ్లీషులో చెప్పడానికి రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. తర్వాత తలుపు వేశారు. నేనూ ఖైరూన్‌బీ బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆమె తన చేతికి అంటిన నీలం సుద్దను చీర కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది.

మిగిలిన ప్రశ్న

ఫోటోలో ఎడమ ఊపిరితిత్తి పైభాగాన చిన్న మచ్చ కనిపించింది. జైనబ్ పద్నాలుగు నెలలు ఆ వరండాలో పడుకుంది. ఆదివారాలు తల్లి వచ్చేది. బుధవారాలు నేను అచ్చుకు పోబోయే భాగం తీసుకెళ్ళి చదివేవాణ్ణి. నిలదొక్కుకుంది. ఇంటికి వెళ్ళింది.

దాన్ని నా కథ చేసిన మేలుగా చెప్పే పెద్దమనుషులు ఉన్నారు. నేను చెప్పను. నా కథ వల్ల ఆ పిల్ల ఆసుపత్రికి రెండు మూడు వారాలు ఆలస్యంగా వచ్చింది. ఆ వారాల్లో ఆ మచ్చ ఎంత పెరిగిందని డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. ఏటా ఒకసారైనా ఆ ప్రశ్న నన్ను కూర్చున్నచోటి నుంచి లేపుతుంది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు అలాంటి ప్రశ్న ఒకటి తమకూ మిగులుతుందని తెలిసే రండి. పిల్లలు కథను విని ఊరుకోరు. దాన్ని తీసుకెళ్ళి పక్కవాళ్ళ మీద వాడతారు, తమ మీద వాడుకుంటారు. వివరం సరైనదేనా అని నేను అరవై ప్రశ్నలు అడిగాను. అది ఏ పిల్ల రొమ్ము మీద పడుతుందో ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. దారుణమైన సంగతులు రాయవద్దని కాదు. వాటి నుంచి తల తిప్పుకుని నారింజపండు చేతిలో పెట్టడం దయ అనుకోవద్దని మాత్రం చెబుతాను.

కథ పుస్తకంగా వచ్చినప్పుడు పట్టిక తీసేశాను. అప్పటి నుంచి రాసిన ప్రతి కథనూ అచ్చుకు ముందు కుప్పంలో జైనబ్‌కు పంపేవాణ్ణి. ఆమెకు ఇప్పుడు మనవళ్ళు ఉన్నారు, దర్జీ అంగడిలో నాలుగు కుట్టు మిషన్లు ఉన్నాయి. కలం పట్టేది కాదు, దర్జీ సుద్దతోనే గీతలు పెట్టి తిప్పి పంపేది.

నేను రాసిన ఆఖరి కథ నిరుడు అలాగే తిరిగి వచ్చింది. కట్ట విప్పితే వేళ్ళకు నీలం అంటింది. పద్దెనిమిదో పేజీలో, ఒక పిల్లవాడి తండ్రి చావును నేను రెండు వాక్యాల్లో దాటేసిన చోట, పక్కన పెద్ద గీత. దాని కింద వంకర అక్షరాలు:

“ఈడ తిప్పి తొడిగినావు అయ్యోరూ. కుట్లు కనపడతాండాయి.”